నా పని దానికి నేర్పి నేను తప్పుకోవాలా?

హన్మకొండ నుంచి ఒక పాఠకురాలు పదకొండు పేజీల ఉత్తరం రాశారు. పేరు వేయవద్దని కోరారు. గుర్తుపట్టే వివరాలు తీసేసి సారాంశం ఇక్కడ ఇస్తున్నాను.

ఆమెకు 43 ఏళ్లు. బీఎస్సీ బీజడ్‌సీ చదివారు. 2007లో, పాప ఇంకా ఏడాది పిల్లగా ఉన్నప్పుడు, హైదరాబాద్‌లో మెడికల్ ట్రాన్స్‌క్రిప్షన్ నేర్చుకుని ఆ ఏడాదే ఉద్యోగంలో చేరారు. అమెరికా డాక్టర్లు పేషెంటును చూశాక రికార్డు చేసి పంపే డిక్టేషన్‌ని హెడ్‌ఫోన్‌లో వింటూ, కాలి కింద పెడల్‌తో ఆపుకుంటూ, వెనక్కి తిప్పుకుంటూ, రిపోర్టుగా టైప్ చేయడం ఆ పని. వాళ్ల పగలు మనకు రాత్రి కాబట్టి ఎక్కువగా నైట్ షిఫ్టులే. ఒకే కంపెనీలో 18 ఏళ్లు. భర్తకు హన్మకొండలో ప్రైవేటు కాలేజీలో లెక్చరర్ ఉద్యోగం రావడంతో ఎనిమిదేళ్లుగా ఇంటి నుంచే పని. ఇంటి లోను ఇంకా తొమ్మిదేళ్లు కట్టాలి. మామగారికి షుగరు, గుండె జబ్బు. ఆయన మందులూ ఆసుపత్రీ ఈమె కంపెనీ ఇన్సూరెన్సు మీదే నడుస్తున్నాయి. కూతురు బీటెక్ కంప్యూటర్ సైన్స్ రెండో ఏడాది.

కొన్నేళ్లుగా డిక్టేషన్‌ని ముందు మెషీన్ వింటోంది. అది రాసిన డ్రాఫ్ట్‌ను వీళ్లు వింటూ సరిదిద్దాలి. పేరు ఎడిటర్ అని మారింది, లైనుకి ఇచ్చే డబ్బు సగానికి తగ్గింది. పోయినేడాది ఇంకో కొత్త ఏఐ వచ్చింది. డాక్టరూ పేషెంటూ మాట్లాడుకునేది నేరుగా విని అదే నోట్ రాసేస్తుంది. టీమ్‌లో 14 మంది ఉండేవారు, ఇప్పుడు ఐదుగురు. ఈమె చేసే ప్రతి దిద్దుబాటూ ఆ మెషీన్‌కి పాఠంగా వెళ్తుందని మేనేజరే మీటింగులో సంతోషంగా చెప్పారట.

నాలుగు నెలల క్రితం ఒక రిపోర్టులో, డాక్టరు 'ఛాతీ నొప్పి లేదు' అంటే డ్రాఫ్ట్‌లో 'లేదు' ఎగిరిపోయింది. ఈమె పట్టుకోలేదు. క్వాలిటీ వాళ్లు పట్టుకుని క్రిటికల్ ఎర్రర్ వేశారు. 18 ఏళ్లలో అలాంటిది మొదటిసారి. అప్పటి నుంచి ఒక్కో ఫైలూ మూడేసి సార్లు వింటున్నారు. లైన్లు తగ్గుతున్నాయి, జీతం తగ్గుతోంది. పడుకుంటే ఎవరో డాక్టరు గొంతు వినపడుతూనే ఉంటుంది. గుండె దడ. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. ఒకరోజు కూతురు స్క్రీన్ చూసి, "ఇంత కష్టపడతావెందుకమ్మా, ఇది నా ఫోన్ రెండు నిమిషాల్లో చేస్తుంది" అంది. ఆ రాత్రి బాత్రూంలో కొళాయి తిప్పుకుని ఏడ్చానని రాశారు.

ఇంకో విషయం కూడా ఒప్పుకున్నారు. రెండు మూడుసార్లు మెషీన్ చేసిన చిన్న తప్పుల్ని, స్పేసింగ్, హెడ్డింగుల లాంటివాటిని, తెలిసే దిద్దకుండా వదిలేశారు. "నేర్చుకోకు, చావు అనుకున్నాను. తర్వాత ఆ పేషెంటు ఎవరో ఏమోనని రెండు రాత్రులు నిద్రపోలేదు."

ఆమె ప్రశ్నలు ఇవి: "నా చెవులు మొద్దుబారాయా? నాకు ఏమైనా మానసిక జబ్బా? ఉద్యోగం ఇప్పుడే వదిలేయాలా, వాళ్లు తీసేసేదాకా ఉండాలా? నా పని దానికి పూర్తిగా నేర్పి నేను తప్పుకోవాలా?" ఆఖరి పేజీ కింద చిన్న అక్షరాలతో: "ఒక్కోసారి పడుకుని లేవకపోతే బాగుండు అనిపిస్తుంది. ఏమీ చేసుకోను, కంగారు పడకండి."

ముందు ఆ చిన్న అక్షరాల దగ్గరే ఆగుతాను.

కంగారు పడవద్దన్నారు, కానీ ఆ వాక్యం నేను దాటిపోలేను. ఏమీ చేసుకోనన్న మీ మాట నమ్ముతున్నాను. నాలుగు నెలలు సరిగ్గా నిద్రలేని మనిషికి అలాంటి ఆలోచన రావడం అరుదు కాదు. అయినా దాన్ని మీరు ఒంటరిగా మోయకూడదు. మానసిక ఆరోగ్య సహాయవాణి టెలి మానస్ నంబరు 14416 మీ ఫోన్‌లో సేవ్ చేసుకోండి. ప్రభుత్వానిదే, డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులో మాట్లాడతారు. రాత్రీ పగలూ పనిచేస్తుంది కాబట్టి మీ షిఫ్టుకు సరిపోతుంది. ఆ ఆలోచన మళ్లీ వచ్చినా, ఇంకాస్త గట్టిగా వచ్చినా, ఏదైనా చేసుకోవాలన్న తలపు పొడసూపినా, ఆ నిమిషంలోనే ఫోన్ చేయండి. ఎంత రాత్రయినా మీ వారిని లేపండి. ఈ వారంలోనే ఫిజీషియన్ దగ్గరికి వెళ్లి దడ సంగతి చెప్పండి. బీపీ, థైరాయిడ్, రక్తంలో హిమోగ్లోబిన్ చూపించుకోండి. మీ వయసులో నెలసరి మార్పుల వల్ల కూడా నిద్ర చెడుతుంది, దడ వస్తుంది. అన్నీ మెషీన్ ఖాతాలో వేసి అసలు కారణాన్ని వదిలేయకూడదు. ఆ తర్వాత ఒక సైకియాట్రిస్టును గానీ క్లినికల్ సైకాలజిస్టును గానీ కలవండి. నాలుగు నెలల నిద్రలేమికి వైద్యం ఉంది. జబ్బు అవునో కాదో ఉత్తరం చూసి నేను చెప్పలేను, చెప్పకూడదు కూడా. మీరు పడుతున్న బాధకు కారణాలు మాత్రం ఉత్తరంలో కళ్లకు కడుతున్నాయి. వాటి గురించి మాట్లాడుకుందాం.

మీరు అన్నిటినీ ఒకే ముద్దగా చేసి 'టెన్షన్' అన్నారు. నాకు అందులో మూడు వేర్వేరు బాధలు కనిపిస్తున్నాయి. ఒకటి అలసట, ఒకటి భయం, ఒకటి దుఃఖం. ఒకదానికి వేయాల్సిన మందు ఇంకోదానికి వేస్తే పనిచేయదు. మీరు అలసటకు శిక్ష వేసుకుంటున్నారు, భయాన్ని దాచుకుంటున్నారు, దుఃఖాన్ని చూసి సిగ్గుపడుతున్నారు.

అలసట సంగతి ముందు. చెవులు మొద్దుబారాయా అని అడిగారు. రెండో ప్రపంచ యుద్ధంలో రాడార్ తెర ముందు కూర్చున్న సైనికులు ఎదురుగా కనిపించే గుర్తును కూడా చూడలేకపోతున్నారని గమనించి, నార్మన్ మాక్‌వర్త్ అనే మానసిక శాస్త్రవేత్త బ్రిటన్‌లో ఒక పరీక్ష పెట్టారు. గడియారం లాంటి పరికరం. ముల్లు సెకనుకో అడుగు వేస్తుంది. ఎప్పుడో ఒకసారి రెండడుగులు దూకుతుంది. దూకినప్పుడు బటన్ నొక్కాలి. అంతే పని. ఆరోగ్యంగా, చురుగ్గా ఉన్న యువకులు కూడా అరగంట దాటేసరికి ఆ దూకడాన్ని పట్టుకోలేకపోవడం మొదలైంది. 1948లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి. ఎప్పుడో గానీ రాని తప్పు కోసం కళ్లు, చెవులు అప్పగించి కాపలా కాయడం మనిషి మెదడుకు సరిపడదని అప్పటి నుంచీ తెలుసు.

మీ పని అచ్చంగా ఆ గడియారమైంది. టైప్ చేస్తున్నప్పుడు మీ చెవి, వేళ్లు, కాలు, మెదడు కలిసి పనిచేసేవి. 'లేదు' అనే మాట మీ వేళ్ల మీదుగా వెళ్లాల్సిందే కాబట్టి జారిపోయే అవకాశం తక్కువ. ఇప్పుడు నూటికి తొంభై అయిదు సరిగ్గా ఉన్న డ్రాఫ్ట్ కళ్ల ముందుంటుంది. కళ్లు ముందే చదివేస్తాయి, చెవి కళ్లు చెప్పిందే వింటుంది. స్క్రీన్ మీద 'ఛాతీ నొప్పి' అని కనబడితే డాక్టరు అన్న 'లేదు' చెవిలో పడినా మెదడుకు ఎక్కదు. ఇది మీ ఒక్కరి లోపం కాదు. మెషీన్ ఇచ్చిన జవాబు వైపు మనసు మొగ్గడం పైలట్లలోనూ డాక్టర్లలోనూ చూసినదే. లిసాన్ బెయిన్‌బ్రిడ్జ్ అనే శాస్త్రవేత్త 1983లోనే రాశారు: సులువైన పనంతా యంత్రానికి ఇచ్చి, అది తప్పితే సరిదిద్దే బాధ్యత మనిషికి పెడితే, రోజూ వాడక ఆ మనిషి నైపుణ్యం తగ్గిపోతుంది, కానీ కష్టమైన క్షణంలో మాత్రం అతన్నే పిలుస్తారు. పోలెండ్‌లో నాలుగు కేంద్రాల్లో పెద్దపేగు పరీక్షలు చేసే డాక్టర్ల మీద 2025లో ఒక పరిశోధన వచ్చింది. క్యాన్సర్‌గా మారే అవకాశమున్న చిన్న గడ్డల్ని, ఏఐ సాయం లేని పరీక్షల్లో, ముందు నూటికి 28.4 మందిలో గుర్తించేవారు. కొన్ని నెలలు ఏఐకి అలవాటు పడ్డాక, ఏఐ లేకుండా చేసిన పరీక్షల్లో అది 22.4కి పడింది. ఒక్క పరిశోధనతో తుది తీర్పు ఇవ్వలేం. కానీ వేల పరీక్షలు చేసిన అనుభవజ్ఞులకే అలా జరిగిందంటే, మీ చెవులు పాడయ్యాయని మీరు మిమ్మల్ని తిట్టుకోవడం అన్యాయం.

అందుకే మూడేసి సార్లు వినడం మందు కాదంటున్నాను. అలసిన చెవితో మూడోసారి విన్నా అదే వినపడుతుంది. అరగంటకోసారి లేచి అయిదు నిమిషాలు కళ్లూ చెవులూ రెండిటికీ విశ్రాంతి ఇవ్వండి. 'లేదు', 'కాదు' లాంటి మాటలు, కుడి ఎడమలు, మందు డోసులు, హైపో (తక్కువ) హైపర్ (ఎక్కువ) లాంటి ఒకేలా వినపడే జంటలు, ఇలా పేషెంటుకు ప్రమాదం తెచ్చే చోట్ల కోసం ఒక్కసారి ప్రత్యేకంగా వినండి. అక్కడ స్క్రీన్ వైపు చూడకుండా వినండి. మిగతా రిపోర్టుకు ఒక్కసారి చాలు. దీనివల్ల మొదటి వారం లైన్లు ఇంకా తగ్గవచ్చు. అది ముందే తెలుసుకుని మొదలుపెట్టండి, లేకపోతే రెండో రోజే భయపడి వదిలేస్తారు.

ఇక భయం. మీది ఊరికే వచ్చిన భయం కాదు. 14 మంది ఐదుగురయ్యారు. "ఏం కాదులెండి, మనిషి అవసరం ఎప్పుడూ ఉంటుంది" అని నేను రాస్తే అది మిమ్మల్ని మోసం చేయడమే. ఈ పని, ఈ రూపంలో, మీ రిటైర్మెంటు దాకా ఉండదు. ఎంతకాలం ఉంటుందో మీ మేనేజరుకూ తెలిసి ఉండదు. 1960లలో అమెరికాలో మూతపడబోతున్న ఫ్యాక్టరీల కార్మికుల్ని కాస్ల్, కాబ్ అనే పరిశోధకులు గమనిస్తూ వెళ్లారు. ఉద్యోగం పోయాకే కాదు, పోతుందని తెలిసి ఎదురుచూస్తున్న రోజుల్లోనే వాళ్ల బీపీ ఎక్కువగా ఉంది. మళ్లీ పని దొరికి కుదురుకున్నాక తగ్గింది. మీ దడకు ఇది కూడా ఒక కారణం కావచ్చు. ఎప్పుడు పోతుందో తెలియని ఉద్యోగంలో రోజూ కొంచెం కొంచెంగా ఉద్యోగం పోగొట్టుకుంటున్నారు. దానికి ఉన్న ఒకే ఒక్క ఉపశమనం, తేదీ మీరు పెట్టుకోవడం. ఆ మాట దగ్గరికి మళ్లీ వస్తాను.

మూడోది దుఃఖం. దీని గురించి ఎవరూ మాట్లాడరు కాబట్టి నేను కాస్త ఎక్కువ మాట్లాడతాను.

మా మేనమామ విజయవాడలో ఒక ప్రెస్సులో కంపోజిటర్, అచ్చు అక్షరాలు ఒక్కొక్కటీ ఏరి పేర్చే పని. ఆ అక్షరాలు ఉంచే తెలుగు కేసులో, అంటే గళ్ల పెట్టెలో, గుణింతాలూ ఒత్తులూ కలిపి వందల గళ్లుంటాయి. ఆయన చెయ్యి చూడకుండానే ఏ గడిలోకి వెళ్లాలో ఆ గడిలోకి వెళ్లేది. కంప్యూటర్ కంపోజింగ్ వచ్చాక ఆయన్ని ప్రూఫులు చూడమన్నారు. జీతం తగ్గలేదు. అందరూ "అదృష్టవంతుడివి, నీడపట్టున కూర్చునే పని" అన్నారు. ఆయన అన్నం తింటూ ఎడమ చెయ్యి ఒళ్లో పెట్టుకుని, అక్షరాలు పేర్చే కంపోజింగ్ స్టిక్ పట్టుకున్నట్టు వేళ్లు వంచి కూర్చోవడం నాకు చిన్నప్పటి నుంచీ గుర్తు. ఆయనకు పోయింది జీతం కాదు కాబట్టి ఎవరూ పరామర్శించలేదు. కాలం మారుతుంది, మారాలి, అని అందరూ చెప్పారు. అది నిజమే, కానీ ఆయన అడిగింది అది కాదు.

మీరు కూడా అడుగుతున్నది ఉద్యోగం గురించి మాత్రమే కాదు. వేగంగా మింగేసి మాట్లాడే డాక్టరు గొంతులోంచి మందు పేరు పట్టుకోగలిగిన మీ చెవి గురించి. ఉత్తరంలో ఆరో పేజీలో మీరు ఒక మాట రాశారు, బహుశా దాని విలువ తెలియకుండానే: "మాకు ట్రైనింగ్‌లో మొదట నేర్పింది, వినపడకపోతే ఊహించి రాయొద్దు, ఖాళీ వదలండి అని. ఈ మెషీన్ ఎప్పుడూ ఖాళీ వదలదు మేడమ్."

ఈ వాక్యం నేను చాలాసార్లు చదివాను. 2024లో అమెరికా పరిశోధకులు విస్పర్ అనే స్పీచ్ రికగ్నిషన్ మెషీన్‌ని పరిశీలిస్తే, సుమారు 1 శాతం ఆడియో ముక్కల్లో అది ఎవరూ అనని మాటల్ని, ఏకంగా వాక్యాల్ని చేర్చింది. మాటల మధ్య మౌనం ఎక్కువగా ఉన్నచోట అలా జరగడం ఎక్కువ. అంటే మీరు ఖాళీ గీత పెట్టాల్సిన చోటే అది ఏదో ఒకటి నింపుతోంది. ఏది వినపడలేదో, ఎంత వినపడిందో నిజాయతీగా చెప్పడం మీ చదువులో మొదటి పాఠం. ఇది మార్కెట్‌లో మీకు తప్పకుండా డబ్బు తెచ్చిపెడుతుందని నేను చెప్పడం లేదు. మెషీన్లు రోజురోజుకీ మెరుగవుతున్నాయి. కానీ 18 ఏళ్లు మీరు చేసింది ఫోన్ రెండు నిమిషాల్లో చేసే పని కాదని మాత్రం మీకు తెలియాలి. దుఃఖం రావడానికి కారణం ఉంది. ఏడవడానికి కొళాయి తిప్పుకోనక్కర్లేదు.

కావాలని దిద్దకుండా వదిలేసిన తప్పుల గురించి. మీరు దీన్ని దాచి ఉంటే నాకు తెలిసేది కాదు. చెప్పారు కాబట్టి నా మాట కూడా దాచను. మళ్లీ చేయకండి. మీరు వదిలినవి హెడ్డింగులే, ఏ పేషెంటుకూ వాటివల్ల హాని జరిగి ఉండదనే అనుకుంటున్నాను. ఆ రెండు రాత్రుల శిక్ష చాలు. కానీ ఆ దారిలో మెషీన్ ఆగదు. ఎంతోమంది దిద్దుబాట్ల మధ్య మీ ఒక్కరిది దానికి లెక్కలోకి రాదు. ఆ కోపం వెళ్లి తగిలేది పేషెంటుకో మీకో. కోపం మాత్రం తప్పు కాదు. మీ తెలివితేటలు అదనపు జీతం లేకుండా, మీ అనుమతి అడగకుండా మెషీన్‌కి పాఠాలవుతున్నాయి. దానికి సంతోషించమని మీటింగులో చెబితే ఎవరికైనా ఒళ్లు మండుతుంది. ఆ కోపాన్ని తీసుకెళ్లాల్సింది కంపెనీ దగ్గరికి. మిగిలిన ఐదుగురూ కలిసి ఒక మెయిల్ రాయండి. మెషీన్ తప్పు దిద్దే పనికి లైను లెక్క కాకుండా గంట లెక్క ఇవ్వమనండి. డ్రాఫ్ట్‌లో మెషీన్ చేసిన తప్పును ఎడిటర్ చేసిన తప్పుతో సమానంగా ఎందుకు లెక్కిస్తున్నారో అడగండి. అన్నీ ఇస్తారని కాదు. అయిదుగురు కలిసి అడిగితే ఒకరిని వేరు చేసి చూడటం వాళ్లకు కష్టం. ఒక్కరే రాస్తే ఆ కష్టం వాళ్లకు ఉండదు, ఆ ప్రమాదం కూడా చూసుకోండి.

ఇప్పుడు వదలాలా, ఉండాలా అన్నది. నేను ఒక్క దారి చూపించి ఇటే వెళ్లమనను, మీ ఇంటి లెక్కలు నాకు పూర్తిగా తెలియవు.

ఇప్పుడే రాజీనామా ఇస్తే ఆ మర్నాడు మీకు నిద్ర పట్టవచ్చు. కొందరికి అది అవసరమే, డాక్టరు కూడా అదే చెబితే డబ్బు లెక్కలు తర్వాత. కానీ మీ ఇంట్లో మామగారి వైద్యం మీ కంపెనీ పాలసీ మీద ఉంది. రాజీనామాతో అది ఆగుతుంది. కొత్త పాలసీలో పాత జబ్బులకు గరిష్ఠంగా 3 ఏళ్ల దాకా వెయిటింగ్ పెట్టవచ్చు. అదే ఇన్సూరెన్సు కంపెనీలో సొంత పాలసీకి మారే వీలుందో లేదో ఉద్యోగంలో ఉండగానే కనుక్కోండి. రెండో సంగతి, వాళ్లు తీసేస్తే వచ్చే నష్టపరిహారం మీకై మీరు రాజీనామా చేస్తే రాదు. గ్రాట్యుటీ మాత్రం రెండు రకాలుగానూ వస్తుంది, అయిదేళ్లు దాటిన వారికి ఏడాదికి 15 రోజుల జీతం లెక్కన. మూల వేతనం 18,000 అనుకుంటే 18 ఏళ్లకు, నెలను 26 రోజులుగా లెక్కిస్తారు కాబట్టి, సుమారు 1,87,000. కొత్త లేబర్ కోడ్‌లు 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చాయి, జీతంలో ఏ ఏ భాగాలు లెక్కలోకి వస్తాయో మారింది కాబట్టి హెచ్‌ఆర్‌ను రాతపూర్వకంగా అడగండి. ఏ రోజైనా "రిజైన్ చేసినట్టు సంతకం పెట్టండి, మీ రికార్డు బాగుంటుంది" అంటే అక్కడే పెట్టకండి. ఇంటికి తెచ్చుకుని లేబర్ లాయరుకు చూపించండి.

ఉండిపోతే జీతం, ఇన్సూరెన్సు నిలుస్తాయి. కానీ 'తీసేసేదాకా' అని ఉండటం వేరు, 'ఫలానా తేదీ దాకా' అని ఉండటం వేరు. మొదటిదానిలో రోజూ ఎదురుచూపు. రెండోదానిలో మీరు ఒక పని చేస్తూ ఉంటారు. ఇంకో పది నెలలు, అంటే అమ్మాయి మూడో ఏడాది ఫీజు కట్టేదాకా, అని పెట్టుకోవచ్చు. ఆ లోపు వాళ్లే తీసేస్తే ఏం చేయాలన్నది కూడా ముందే రాసిపెట్టుకోండి. ఎన్ని నెలల ఈఎంఐ చేతిలో ఉంది, బ్యాంకును ఎప్పుడు కలవాలి, ఇంతవరకు చాలు.

కంపెనీలోనే మెషీన్ నోట్లను తనిఖీ చేసే పనికి మారడం ఇంకో దారి. మీ అనుభవానికి దగ్గరిది ఇదే. ఖాళీ వదలాల్సిన చోట ఖాళీ వదలలేదని పట్టుకోగల మనిషి వాళ్లకు కావాలి. ఇక్కడ ఇబ్బంది ఏమిటంటే ఆ పోస్టులు ఒకటో రెండో ఉంటాయి, మీ ఐదుగురిలోనే పోటీ వస్తుంది. ఇప్పటి అలసట అక్కడా ఉంటుంది, అదీ కాపలా పనే కదా. అడగాలనుకుంటే చేతిలో ఆధారం ఉండాలి. ఇవాళ్టి నుంచి ఒక నోటు పుస్తకం పెట్టుకుని, మెషీన్ చేసిన ఏ రకం తప్పును పట్టుకున్నారో రోజూ రాయండి. తప్పు రకం మాత్రమే. పేషెంటు పేరు, తేదీ, రిపోర్టులోని మాటలు ఒక్కటి కూడా రాయకండి, అవి బయటికి రాకూడనివి. రెండు నెలల్లో అది మీ వాదనకు బలమవుతుంది. అంతకంటే ముందు, తెల్లవారుజామున మూడింటికి 'నేను పనికిరాను' అనిపించినప్పుడు తెరిచి చూసుకోవడానికి పనికొస్తుంది.

మెడికల్ కోడింగ్, అంటే జబ్బులకూ చికిత్సలకూ బిల్లుల కోసం కోడ్‌లు వేసే పని, నేర్చుకోమని మీకు ఇప్పటికే పదిమంది చెప్పి ఉంటారు. మీకు శరీర నిర్మాణం, జబ్బులు, మందులు, ఆపరేషన్ల పేర్లు వచ్చు కాబట్టి కొత్తవాళ్లకంటే త్వరగా వస్తుంది. ఆర్నెల్లు కూర్చుంటే పరీక్ష రాయగలరు. కానీ మొదట ఫ్రెషర్ జీతమే ఇస్తారు, పాతికేళ్ల పిల్లల పక్కన కూర్చోవాలి. ఆ పనిలోకి కూడా ఏఐ వచ్చింది. ఒక మునిగే పడవలోంచి ఇంకో కారే పడవలోకి దూకడం కావచ్చు. నేర్చుకోవద్దనను. ఉద్యోగం గ్యారంటీ అని పెద్ద మొత్తం కట్టించుకునే ఇన్‌స్టిట్యూట్‌లకు మాత్రం డబ్బు కట్టకండి. దీనికంటే మన దగ్గరి ఆసుపత్రుల్లో రికార్డుల విభాగం, ఇన్సూరెన్సు క్లెయిముల డెస్కు మీకు సరిపోతాయేమో వరంగల్‌లో, హైదరాబాద్‌లో విచారించండి. జీతం తక్కువ. కానీ పగటి పని, పక్కన మనుషులుంటారు, ఎదురుగా పేషెంటు ఉంటాడు. ఎనిమిదేళ్లుగా రాత్రిళ్లు ఒక గదిలో ఒక్కరే కూర్చుంటున్నారు మీరు. ఆ ఒంటరితనాన్ని ఉత్తరంలో ఎక్కడా ఫిర్యాదుగా రాయలేదు గానీ, నాకు అది ప్రతి పేజీలో వినపడింది.

వీటిలో ఏది ఎంచుకున్నా ముందు మీ వారితో మాట్లాడాలి. చెబితే ఆయన కంగారు పడతారని దాస్తున్నారు. మీరు రోజూ తెల్లారి కళ్లు ఉబ్బి లేవడం ఆయన చూస్తూనే ఉండి ఉంటారు, కారణం తెలియక ఆయన ఊహించుకునేది నిజం కంటే పెద్దది కావచ్చు. ఉద్యోగం పోతుందని మొదలుపెట్టకండి. "నాలుగు నెలలుగా నిద్రలేదు, డాక్టర్ దగ్గరికి తోడు రండి" అనండి. లోను, ఫీజు, ఇన్సూరెన్సు లెక్కలు ఆ వచ్చే ఆదివారం కూర్చుని చూసుకోవచ్చు. ఆయన మొదట కసురుకుంటే అదే ఆఖరి మాట అనుకోకండి. భయపడినప్పుడు చాలామంది మగవాళ్లు ముందు కసురుకుంటారు.

అమ్మాయి అన్న మాట మిమ్మల్ని కోసింది, అర్థమైంది. నాకు ఇంకోటి కూడా అనిపిస్తోంది. తను చదివేది కంప్యూటర్ సైన్స్. రాసే ప్రతి ప్రోగ్రామూ అదే ఫోన్ రెండు నిమిషాల్లో రాస్తుందని తనకూ తెలుసు. ఆ తరగతి గదుల్లో పిల్లలు ఇప్పుడు రోజూ మాట్లాడుకునేది ఇదే. అమ్మ దగ్గర ధీమాగా అన్న ఆ మాట వెనక తన భయం ఉండి ఉండవచ్చు. నా ఊహ తప్పు కావచ్చు, మీ అమ్మాయిని నేను చూడలేదు. పేషెంటు రికార్డు తనకు వినిపించకూడదు కాబట్టి, మీ పాత ట్రైనింగ్ ఫైళ్లలో పేర్లు లేని నమూనా ఒకటి ఉంటే, కష్టమైన యాసలో ఉన్నది, హెడ్‌ఫోన్ తనకు పెట్టి ఒక పేరా రాయమనండి. పందెంగా వద్దు. తల్లి ఇన్నేళ్లు ఏం చేసిందో పిల్లకు తెలియాలి కదా. ఆ తర్వాత తన చదువు గురించి తనకేం భయమో అడగండి.

ఇక మీ మొదటి ప్రశ్న మిగిలింది, చెవులు మొద్దుబారాయా అన్నది. వాడక తగ్గి కొంత పదును తగ్గి ఉంటుంది. పోలేదు. తెలుసుకోవడానికి ఒక మార్గం ఉంది. అదే నమూనాల్లోంచి రోజుకొక చిన్న ఫైలు, అయిదు నిమిషాలది, డ్రాఫ్ట్ లేకుండా, ఖాళీ పేజీ మీద, పెడల్ కాలి కింద పెట్టుకుని పాత పద్ధతిలో టైప్ చేయండి. కంపెనీ లెక్కలోకి రాదు, లైన్లకు డబ్బు రాదు. షిఫ్టుకు ముందు చేయండి, అలిసిపోయాక వద్దు. డాక్టర్ను కలిసి, నిద్ర కొంచెం పట్టాక మొదలుపెట్టండి, ఇప్పుడే వద్దు. పది రోజులు చేశాక నాకు మళ్లీ రాయండి. డాక్టరు ఏమన్నారో, మీ వారు ఏమన్నారో, ఆ పది ఫైళ్లలో ఎన్ని చోట్ల ఖాళీ వదిలారో.